మోరిస్ మైనర్: సెల్ఫ్ బాగానే తిరుగుతోంది, ఇంజన్ మాత్రం అందుకోవట్లేదు

నల్లమైనర్
అందరికీ నమస్కారం. బండి మోరిస్ మైనర్ 1000. 948 సీసీ ఇంజన్, ఎస్‌యూ కార్బొరేటర్, పాయింట్ల ఇగ్నిషన్ (కలిసి విడిపోయే రెండు లోహపు ముఖాలతో స్పార్క్ పుట్టించే పాత పద్ధతి). ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే పాజిటివ్ ఎర్త్ (బ్యాటరీ పాజిటివ్ బాడీకి కలిపి ఉంటుంది), ఎవరూ మార్చలేదు. కొన్ని నెలలుగా కవర్ కప్పి షెడ్డులో ఉంది. షెడ్డులో పెట్టేముందు సర్వీసులో పాయింట్లు, వాటి మధ్య మెరుపుని అణిచే కండెన్సర్, స్పార్క్‌ని ఒక్కో ప్లగ్‌కి పంచే డిస్ట్రిబ్యూటర్ లోపలి రోటర్, దాని క్యాప్, ప్లగ్‌లు అన్నీ కొత్తవి పడ్డాయి. ఆ తర్వాత కొద్ది దూరం తిరిగింది, బాగానే నడిచింది.

ఇప్పుడు బ్యాటరీ ఫుల్‌గా చార్జ్ చేసి, చోక్ లాగి సెల్ఫ్ కొడితే ఇంజన్ చకచకా తిరుగుతోంది కానీ అందుకోవట్లేదు. కనీసం దగ్గు కూడా లేదు. బానెట్ ఎత్తితే పెట్రోల్ వాసన గుప్పుమంటోంది. మిగతావన్నీ కొత్తవే కాబట్టి ఇక పాతవి కాయిల్, పెట్రోల్ పంపు మాత్రమే. రెండూ ఆర్డర్ పెట్టేద్దామా? ముందు ఏది కొనమంటారు?

పాతగేరు
ఏదీ కొనకండి. ముందు మూడు విషయాలు చూసి చెప్పండి.

కీ ఆన్ చేయగానే పంపు టకటకమని కొట్టి ఆగుతోందా, లేక ఆగకుండా కొడుతూనే ఉందా? కాసేపు సెల్ఫ్ కొట్టిన వెంటనే ఒక ప్లగ్ విప్పితే తడిగా ఉందా, పొడిగా ఉందా? ఆ ప్లగ్‌నే వైరుకి తగిలించి, దాని ఒంటిని ఇంజన్ ఇనుముకి ఆనించి ఎవరిచేతనైనా సెల్ఫ్ కొట్టిస్తే స్పార్క్ వస్తోందా? విప్పిన ప్లగ్ రంధ్రానికి దూరంగా పెట్టండి, అందులోంచి పెట్రోల్ ఆవిరి చిమ్ముతుంది. వైరుని ఒట్టి చేత్తో పట్టుకోవద్దు.

చోక్‌లాగిచూడు
నెలల తరబడి నిలబెట్టిన బండి అంటున్నారు కదా అన్నా, ఇంకేం ఆలోచిస్తారు, పెట్రోల్ పాడైపోయి ఉంటుంది. తేలిగ్గా మండే భాగమంతా ఎప్పుడో ఆవిరైపోతుంది. ఇథనాల్ కలిసిన పెట్రోల్ అయితే గాలిలోని తేమను కూడా లాక్కుంటుంది. ట్యాంకు ఖాళీ చేసి కొత్తది పోయండి. పది బండ్లలో ఏడింటికి ఇదే మందు.

కొత్తమోజు
ఈ పాయింట్ల గోల ఎందుకండీ ఇంకా? ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కిట్ పెట్టుకుంటే జీవితాంతం టెన్షన్ లేదు. నా బండికి పెట్టించాక డిస్ట్రిబ్యూటర్ మూత తియ్యాల్సిన పనే పడలేదు.

టెస్ట్‌ల్యాంపు
కొత్తమోజు గారూ, కిట్ మంచిదే, కాదనను. కానీ స్టార్ట్ అవ్వని బండికి కిట్ పెడితే పాత తప్పుకి కొత్త తప్పు తోడవుతుంది. పైగా ఈ బండి పాజిటివ్ ఎర్త్. నెగటివ్ ఎర్త్‌కి చేసిన కిట్ తగిలిస్తే కీ తిప్పిన క్షణంలోనే కాలిపోతుంది. ముందు బండి నడవనివ్వండి, తర్వాత ఏం పెట్టుకుంటారో పెట్టుకోండి.

నల్లమైనర్ గారూ, ఇంకో మాట. బ్యాటరీ దిగిపోయి వేరే కారు నుంచి కరెంటు తీసుకోవాల్సి వస్తే రెండు బండ్ల బాడీలు ఎక్కడా తగలకూడదు. మీ బాడీ పాజిటివ్, వాళ్ల బాడీ నెగటివ్. పాజిటివ్‌కి పాజిటివ్, నెగటివ్‌కి నెగటివ్ వైర్లే కలపాలి. బంపర్లు తగిలాయా, పెద్ద షార్టే.

నల్లమైనర్
చూశాను. పంపు కీ ఆన్ చేయగానే కాసేపు గబగబా కొట్టి నెమ్మదిస్తోంది. ప్లగ్‌లు నాలుగూ తడిసి ముద్దయ్యాయి. స్పార్క్ మాత్రం ఏ ప్లగ్‌కీ లేదు. చీకట్లో కూడా చూశాం, చిన్న మెరుపు కూడా రాలేదు.

చోక్‌లాగిచూడు అన్నా, మీరు చెప్పారని కార్బొరేటర్ పక్కన పెట్రోల్ నిలిచే ఫ్లోట్ చాంబర్‌లోని పెట్రోల్‌ని గాజు సీసాలోకి తీసి చూశాను. అడుగున నీళ్ల పొర లేదు, రంగు కూడా మారలేదు.

పాతగేరు
అయితే పెట్రోల్ సంగతి ప్రస్తుతానికి పక్కన పెట్టండి. ప్లగ్ తడిసిందంటే పెట్రోల్ సిలిండర్ దాకా వస్తోంది. దాన్ని అంటించేది లేదు, అంతే. పాత పెట్రోలే అనుకున్నా, స్పార్క్ ఉంటే కనీసం ఒక దగ్గు దగ్గుతుంది.

ప్లగ్‌లు విప్పి ఆరబెట్టండి. చోక్ లోపలికి తోసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, ప్లగ్‌లు లేకుండానే కాసేపు సెల్ఫ్ కొడితే సిలిండర్లలో మిగిలింది బయటికి పోతుంది. ఆ సమయంలో కాయిల్‌కి వచ్చే వైరు పీకి పెట్టండి, చుట్టుపక్కల నిప్పురవ్వ పుట్టకూడదు.

చోక్‌లాగిచూడు
సరే, స్పార్కే లేదంటే నేను ఒప్పుకుంటా. కానీ ట్యాంకులో ఉన్న ఆ పాత పెట్రోల్‌ని నమ్మి దూరం మాత్రం వెళ్లకండి.

టెస్ట్‌ల్యాంపు
ఇప్పుడు అసలు కథలోకి వచ్చాం. ఇగ్నిషన్‌లో రెండు దారులు ఉంటాయి. ఒకటి 12 వోల్టుల దారి: బ్యాటరీ, కీ, కాయిల్ ప్రైమరీ చుట్టు, పాయింట్లు, ఎర్త్. రెండోది వేల వోల్టుల దారి: కాయిల్ మధ్యలోంచి వచ్చే లావు వైరు, క్యాప్, రోటర్, ప్లగ్ వైర్లు, ప్లగ్‌లు. చార్లెస్ కెటరింగ్ 1910ల మొదట్లో క్యాడిలాక్ కార్లకి తెచ్చిన పద్ధతే ఇది. దశాబ్దాల పాటు పెట్రోల్ కార్లన్నీ దాదాపు దీని మీదే నడిచాయి. పాయింట్లు మూసుకున్నప్పుడు కాయిల్‌లో కరెంటు పారి అయస్కాంత శక్తి నిండుతుంది. విడిపోగానే ఆ శక్తి ఒక్కసారిగా కూలి, సెకండరీ చుట్టులో వేల వోల్టులు పుడతాయి. అంటే పాయింట్లు విడిపోవడం ఎంత ముఖ్యమో, అంతకుముందు సరిగ్గా కలవడమూ అంతే ముఖ్యం.

మామూలు బల్బు ఉన్న టెస్ట్ ల్యాంపు తీసుకోండి. ఒక చివర ఇంజన్ మీద శుభ్రమైన ఇనుముకి. రెండో చివర కాయిల్ మీద సీబీ అని రాసి ఉన్న టెర్మినల్‌కి, అంటే డిస్ట్రిబ్యూటర్‌కి సన్న వైరు వెళ్లేది. కీ ఆన్ చేసి, స్టార్టింగ్ హ్యాండిల్‌తో ఇంజన్‌ని నెమ్మదిగా తిప్పండి. పాయింట్లు కలిసినప్పుడు ల్యాంపు ఆరిపోవాలి, విడిపోయినప్పుడు వెలగాలి. బల్బుకి పాజిటివ్ ఎర్త్ అయినా నెగటివ్ ఎర్త్ అయినా ఒకటే. ఎల్‌ఈడీ టెస్టర్ అయితే తిరగేసి పెట్టాలి, లేకపోతే వెలగక మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది.

పాతగేరు
హ్యాండిల్ అన్నారు కాబట్టి: బొటనవేలు మిగతా నాలుగు వేళ్ల వైపే ఉంచండి, హ్యాండిల్ చుట్టూ చుట్టకండి. కింది నుంచి పైకి లాగండి, పైనుంచి కిందికి తొయ్యకండి. ఇంజన్ వెనక్కి కొట్టిందంటే బొటనవేలు, మణికట్టు విరుగుతాయి. ఎలాగూ ప్లగ్‌లు విప్పే ఉన్నాయి కాబట్టి అలాగే తిప్పండి, తేలిగ్గా తిరుగుతుంది.

నల్లమైనర్
ల్యాంపు వెలిగింది, కానీ ఎంత తిప్పినా ఆరట్లేదు. క్యాప్ తీసి చూస్తే పాయింట్లు మాత్రం చక్కగా విడిపోతున్నాయి, కలుస్తున్నాయి. ఇదేంటి?

టెస్ట్‌ల్యాంపు
మంచి గుర్తు దొరికింది. వెలిగిందంటే కరెంటు కీ దాటి, కాయిల్ ప్రైమరీ చుట్టు దాటి సీబీ దాకా వస్తోంది. అంటే ప్రైమరీ చుట్టు తెగలేదు. ఎప్పుడూ ఆరకపోవడం అంటే పాయింట్ల దగ్గర ఎర్త్ దొరకట్లేదు. కంటికి కలిసినట్టు కనిపించినా కరెంటుకి కలవలేదు. అదే ల్యాంపు ఎప్పుడూ వెలగకపోయి ఉంటే వ్యవహారం తిరగబడేది: అయితే కాయిల్ దాకా కరెంటే రావట్లేదు, లేదా సీబీ దాటాక ఎక్కడో బాడీకి షార్ట్ అవుతోంది. పాయింట్లు బిగించేటప్పుడు ఇన్సులేషన్ వాషర్ తారుమారు చేస్తే అలాగే అవుతుంది. కండెన్సర్ షార్ట్ అయినా అంతే.

అనుమానాలు మూడు. పాయింట్ల ముఖాల మీద పొర పట్టి ఉండాలి. లేదా డిస్ట్రిబ్యూటర్ లోపలి సన్న వైరు తొడుగు లోపల తెగి ఉండాలి. లేదా పాయింట్లు బిగించి ఉండే బేస్ ప్లేటుకి ఎర్త్ పోయి ఉండాలి. మూడింటికీ ఒకే పరీక్ష. పాయింట్లు కలిసిన స్థితిలో ఇంజన్ ఆపి, స్క్రూడ్రైవర్ మొనతో కదిలే పాయింటు చేతిని బేస్ ప్లేటుకి తగిలించండి. ల్యాంపు ఆరితే వైరు బాగుంది, ప్లేటు ఎర్త్ బాగుంది, తప్పు ముఖాలదే. ఆరకపోతే స్క్రూడ్రైవర్‌ని ప్లేటు నుంచి తీసి డిస్ట్రిబ్యూటర్ ఒంటికి తగిలించండి. అప్పుడు ఆరితే ప్లేటు ఎర్త్, అప్పుడూ ఆరకపోతే వైరు.

కొత్తమోజు
కొత్త పాయింట్లు అన్నారుగా? కొత్తవాటికి పొర ఎలా పడుతుంది?

పాతగేరు
నిలబెట్టిన బండికి కొత్త, పాత తేడా ఉండదు. డబ్బాలోంచి వచ్చే పాయింట్లకి తుప్పు పట్టకుండా సన్నటి నూనె పూత ఉంటుంది. అది తుడవకుండా బిగించేవాళ్లే ఎక్కువ. నడుస్తున్నంతసేపూ పాయింట్ల మధ్య చిన్న నిప్పురవ్వలే ముఖాన్ని శుభ్రంగా ఉంచుతాయి. నెలల తరబడి తేమలో కదలకుండా ఉంటే ఆ పూత, గాలి కలిసి పొర కడతాయి. 12 వోల్టులకి అది దాటరాని గోడ.

నల్లమైనర్
స్క్రూడ్రైవర్ తగిలించగానే ల్యాంపు ఆరిపోయింది! ముఖాలే అన్నమాట. ఎమెరీ పేపర్‌తో రుద్దనా?

పాతగేరు
వద్దు. దాని రేణువులు ముఖంలో గుచ్చుకుని మిగిలిపోతాయి, తర్వాత పాయింట్లు కాలతాయి. కొత్త పాయింట్లే కదా, గుంటలు పడి ఉండవు. దళసరి శుభ్రమైన అట్ట ముక్కని థిన్నర్‌లో తడిపి పాయింట్ల మధ్య పెట్టి లాగండి. మరక రావడం ఆగేదాకా లాగి, చివర పొడి అట్టతో ఒకసారి. తర్వాత ఫీలర్ గేజ్‌తో గ్యాప్ చూసుకోండి, 0.014 నుంచి 0.016 అంగుళం మధ్య ఉండాలి. గేజ్‌ని కూడా తుడిచి పెట్టండి, దాని మీది నూనే మళ్లీ ముఖానికి అంటుతుంది. క్యామ్ మీద కొంచెం గ్రీజు, మరీ ఎక్కువ వద్దు, ఎగిరి పాయింట్ల మీద పడుతుంది.

టెస్ట్‌ల్యాంపు
అయ్యాక నేరుగా ప్లగ్‌ల దగ్గరికి వెళ్లకండి. కాయిల్ నుంచి క్యాప్ మధ్యలోకి వచ్చే లావు వైరుని క్యాప్ నుంచి పీకి, ఇన్సులేషన్ ఉన్న పటకారుతో పట్టుకుని, దాని చివర ఇంజన్ ఇనుముకి అర సెంటీమీటరు దూరంలో ఉంచండి. పాయింట్లు కలిసిన స్థితిలో కీ ఆన్ చేసి, కర్ర పుల్లతో పాయింట్లు విడదీయండి. నీలంగా, టప్ మని చప్పుడుతో దూకాలి. పసుపుగా నీరసంగా దూకి, పాయింట్ల దగ్గర మాత్రం పెద్ద మెరుపు కనిపిస్తే కండెన్సర్ పోయినట్టే.

ఆకుపచ్చకారు
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నాది వేరే మోడల్, 1970ల నాటిది. కీ స్టార్ట్‌లో పట్టుకున్నంతసేపూ ఇంజన్ అందుకుంటుంది, కీ వదలగానే ఠక్కున ఆగిపోతుంది. ఇదీ పాయింట్లేనా?

టెస్ట్‌ల్యాంపు
కాదు. మీ బండిలో బాలస్ట్ రెసిస్టర్ ఉండి ఉంటుంది. అలాంటి బండ్లలో కాయిల్ 12 వోల్టులకి కాదు, తక్కువ వోల్టేజీకి చేసింది. సెల్ఫ్ తిరిగేటప్పుడు బ్యాటరీ వోల్టేజీ పడిపోతుంది కాబట్టి అప్పుడు నేరుగా ఇస్తారు, కీ వదిలాక రెసిస్టర్ గుండా ఇస్తారు. రెసిస్టర్ తెగితే సరిగ్గా మీరు చెప్పినట్టే ఆగిపోతుంది. కొన్నిటిలో అది వైరింగ్‌లోనే రెసిస్టెన్స్ వైరుగా దాగి ఉంటుంది, కంటికి కనపడదు. బ్యాటరీ లైవ్ నుంచి కాయిల్ సప్లై టెర్మినల్‌కి తాత్కాలికంగా ఒక వైరు ఇచ్చి చూడండి. ఇంజన్ నిలబడితే తప్పు రెసిస్టర్‌లో లేదా కీ స్విచ్చిలో ఉంది. ఆ వైరుతో ఎక్కువసేపు నడపకండి, కాయిల్ కాగిపోతుంది.

నల్లమైనర్ గారి బండికి ఈ బాలస్ట్ లేదు. అందుకే ఆయన కాయిల్ ప్రైమరీ రెసిస్టెన్స్ సుమారు 3 ఓమ్‌లు ఉండాలి. కొనేటప్పుడు 1.5 ఓమ్‌ల బాలస్ట్ కాయిల్ అంటగడితే పాయింట్లు మాడిపోతాయి. కొనొద్దని అంతగా చెప్పింది అందుకు కూడా.

నల్లమైనర్
అప్‌డేట్. అట్టతో తుడిచాక ల్యాంపు చక్కగా వెలిగి ఆరుతోంది. లావు వైరు దగ్గర స్పార్క్ అదిరింది, చప్పుడు షెడ్డు బయటికి వినిపించింది. ఆనందంగా అన్నీ బిగించి సెల్ఫ్ కొట్టాను. మళ్లీ అదే కథ, ఇంజన్ తిరుగుతోంది, అందుకోవట్లేదు. ప్లగ్ విప్పి చూస్తే స్పార్క్ లేదు! కాయిల్ దగ్గర అంత ఉన్నది ప్లగ్ దగ్గరికి వచ్చేసరికి ఏమవుతోంది?

చోక్‌లాగిచూడు
ప్లగ్ వైర్ల వరస తప్పిందేమో? 1-3-4-2 కదా.

పాతగేరు
వరస తప్పితే స్పార్క్ తప్పు సిలిండర్‌కి వెళ్తుంది కానీ మాయమవదు. కార్బొరేటర్‌లోంచి పేలేది, సైలెన్సర్‌లోంచి పేలేది. ఇక్కడ అసలు రావట్లేదు.

క్యాప్ లోపల మధ్యలో స్ప్రింగు మీద ఉండే చిన్న కార్బన్ బ్రష్ చూడండి. వేలితో నొక్కితే లోపలికి వెళ్లి బయటికి రావాలి. కొన్నిసార్లు అది ఊడి కింద పడిపోయి ఉంటుంది. అలాగే క్యాప్ లోపల పెన్సిల్ గీతలాంటి నల్లటి పగుళ్లు ఉన్నాయేమో వెలుతురులో పెట్టి చూడండి.

నల్లమైనర్
బ్రష్ బాగుంది, కదులుతోంది. పగుళ్లు లేవు. తేమ కూడా లేదు, పొడి గుడ్డతో తుడిచాను.

టెస్ట్‌ల్యాంపు
అయితే రోటర్.

కొత్తమోజు
రోటర్ అంటే ప్లాస్టిక్ మీద ఒక ఇత్తడి రేకు. కదిలే భాగం లేదు, వైరు లేదు. అందులో పోవడానికి ఏముంది సర్?

టెస్ట్‌ల్యాంపు
ఆ ప్లాస్టికే పోతుంది. రోటర్ ఇత్తడికి అడుగున, కొద్ది మిల్లీమీటర్ల దూరంలో డిస్ట్రిబ్యూటర్ షాఫ్ట్ ఉంది. షాఫ్ట్ అంటే ఎర్త్. కొన్ని కొత్త రోటర్లలో రేకుని పట్టి ఉంచే రివెట్ లోపలి దాకా దిగి షాఫ్ట్‌కి మరీ దగ్గరగా వస్తుంది. మధ్యలో మిగిలిన ప్లాస్టిక్ నాసిరకం అయితే కొద్దిసేపు తట్టుకుని, ఒకరోజు సూది మొనంత చిల్లు పడుతుంది. అక్కడి నుంచి చిల్లికుండలో నీళ్లే, ఎంత పోసినా నిలవవు. సిలిండర్‌లో ఒత్తిడి కింద ప్లగ్ గ్యాప్ దూకడం కంటే ఆ చిల్లులోంచి షాఫ్ట్‌లోకి పోవడం కరెంటుకి సులువు. బయటికి చూస్తే రోటర్ నిగనిగలాడుతూ ఉంటుంది. మల్టీమీటర్ పెట్టినా దొరకదు, దాని చిన్న బ్యాటరీకి ఆ చిల్లు కనపడదు. మీ బండి సర్వీసు తర్వాత కొద్ది దూరం బాగా నడిచిందన్నారు కదా, దానికీ ఇది సరిపోతోంది.

ఇలా పరీక్షించండి. క్యాప్ తీసి, రోటర్‌ని దాని చోటే ఉంచండి. లావు వైరు చివరని రోటర్ మధ్య ఇత్తడికి మూడు మిల్లీమీటర్ల ఎత్తులో పటకారుతో పట్టుకోండి. ఇందాకటిలాగే కీ ఆన్, పాయింట్లు పుల్లతో విడదీయడం. రోటర్ మంచిదైతే స్పార్క్ దూకదు, ఎందుకంటే దూకి వెళ్లడానికి దారి లేదు. మహా అయితే మొదటిసారి సన్నగా ఒకటి కనపడొచ్చు. ప్రతిసారీ బలంగా దూకుతోందంటే అది రోటర్ గుండా షాఫ్ట్‌లోకి పోతోంది.

నల్లమైనర్
దూకుతోంది. విడదీసిన ప్రతిసారీ, నీలంగా, టప్ టప్ మని.

అదృష్టం కొద్దీ సర్వీసులో తీసిన పాత సామాను డబ్బాలో ఉంది. పాత రోటర్ అంచు కాస్త కాలి నల్లగా ఉంది. పెట్టి చూడనా?

పాతగేరు
పెట్టండి. అంచు నలుపుని మెత్తగా తుడవండి చాలు, అరగదీయొద్దు. అరిగితే క్యాప్ లోపలి కొనలకి దూరం పెరుగుతుంది. ముందు అదే పరీక్ష పాత రోటర్ మీద కూడా చెయ్యండి.

నల్లమైనర్
పాతదాని మీద ఒక్క స్పార్క్ కూడా దూకలేదు. క్యాప్ మూసి, ఆరిన ప్లగ్‌లు బిగించి సెల్ఫ్ కొట్టగానే అందుకుంది!! తెల్లటి పొగ, కాస్త వణుకు, రెండు సార్లు కార్బొరేటర్‌లోంచి దగ్గింది, తర్వాత నిలబడింది. చోక్ లోపలికి తోశాక కూడా నడుస్తోంది. ఐడిలింగ్ కొంచెం ఎగుడుదిగుడుగా ఉంది.

చోక్‌లాగిచూడు
శభాష్! ఆ ఎగుడుదిగుడు మాత్రం నా పాత పెట్రోలే, రాసి పెట్టుకోండి :)

టెస్ట్‌ల్యాంపు
కావచ్చు. కానీ పాయింట్ల గ్యాప్ ముట్టుకున్నాక టైమింగ్ చూడాల్సిందే. గ్యాప్ పెరిగితే పాయింట్లు ముందే విడిపోతాయి, టైమింగ్ ముందుకి జరుగుతుంది. తగ్గితే వెనక్కి. అదే టెస్ట్ ల్యాంపు సీబీకి తగిలించి, హ్యాండిల్‌తో ఇంజన్‌ని తిరిగే దిశలోనే నెమ్మదిగా తిప్పండి. ఒకటో సిలిండర్ కంప్రెషన్ మీద ఉండగా ల్యాంపు వెలిగిన క్షణంలో క్రాంక్ పుల్లీ గాడి, టైమింగ్ కవర్ మీది ఏ గుర్తు దగ్గర ఉందో చూడండి. ఎన్ని డిగ్రీలన్నది మీ ఇంజన్ కంప్రెషన్ రకాన్ని బట్టి ఉంటుంది, హ్యాండ్‌బుక్‌లో ఉన్నదే పెట్టుకోండి.

ఆకుపచ్చకారు
నాదీ దొరికింది సర్. తాత్కాలిక వైరు ఇవ్వగానే ఇంజన్ నిలబడింది. రెసిస్టర్ పింగాణీ వెనకవైపు పగిలి ఉంది, ముందు నుంచి చూస్తే తెలియట్లేదు.

నల్లమైనర్
టైమింగ్ కాస్త ముందుకి జరిగి ఉంది, సరిచేశాను. ట్యాంకులో పాతది తీసి కొత్త పెట్రోల్ పోశాను. ఐడిలింగ్ ఇప్పుడు నున్నగా ఉంది, ఏది పనిచేసిందో చెప్పలేను, ఇద్దరూ పంచుకోండి.

ఒక్క అనుమానం మిగిలింది. ఇంజన్ ఆపి కీ ఆన్‌లో ఉంచితే పంపు పూర్తిగా ఆగట్లేదు, ఆగి ఆగి టక్ మంటోంది. పెట్రోల్ వాసన కూడా ఇంకా ఉంది.

పాతగేరు
ముందు, పాయింట్లు కలిసిన స్థితిలో కీ ఆన్ చేసి అలా వదిలెయ్యకండి, కాయిల్ కాగుతుంది. ఈ పరీక్షకి కాయిల్ సప్లై వైరు పీకండి.

అర నిమిషానికోసారి టక్ మంటే పట్టించుకోను. రెండు మూడు సెకన్లకోసారి అయితే ఎక్కడో పెట్రోల్ పోతోంది. కార్బొరేటర్ ఓవర్‌ఫ్లో పైపు చివర వేలు పెట్టి చూడండి.

నల్లమైనర్
మీరు చెప్పిన రెండో రకమే. ఓవర్‌ఫ్లో పైపు తడిగా ఉంది.

పాతగేరు
ఫ్లోట్ చాంబర్ నిండగానే పెట్రోల్‌ని ఆపాల్సిన నీడిల్ వాల్వ్ మూసుకోవట్లేదు. మూత విప్పి నీడిల్, సీటు శుభ్రం చెయ్యండి, సన్నటి ఇసుక రేణువు ఇరుక్కున్నా అలాగే కారుతుంది. నీడిల్ మొన మీద గీత పడి ఉంటే మార్చండి. ఫ్లోట్‌ని చెవి దగ్గర ఊపి చూడండి, లోపల పెట్రోల్ చప్పుడు వినిపిస్తే అది మునిగిపోతోంది, అదీ మార్చాలి.

ఇంకొకటి. స్పార్క్ లేకుండా అన్నిసార్లు సెల్ఫ్ కొట్టారు, పైగా నీడిల్ కారుతోంది. ఆ పెట్రోల్ కొంత పిస్టన్ల పక్క నుంచి సంప్‌లోకి, అంటే అడుగున ఇంజన్ ఆయిల్ ఉండే చోటికి, దిగి ఉంటుంది. డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. పెట్రోల్ వాసన వచ్చినా, మట్టం పెరిగినట్టున్నా ఆయిల్ మార్చేదాకా బండి బయటికి తియ్యొద్దు, పలచబడిన ఆయిల్‌తో బేరింగులు పోతాయి. ఆ కొత్త రోటర్‌ని మాత్రం విరిచి పారెయ్యండి. డబ్బాలో ఉంచితే ఎప్పుడో ఎవరో మంచిదే అనుకుని మళ్లీ బిగిస్తారు.

నల్లమైనర్
డిప్‌స్టిక్ వాసన వస్తోంది. ముందు ఆయిల్, తర్వాత నీడిల్. రోటర్ విరిచేశాను.